ఆరు వందల వాట్ల పద్యం

నా కారులో ముందు ఎడమవైపు స్పీకరు చెడిపోయిందని మొదట కనిపెట్టింది తెలుగు మాస్టారు.

"అమ్మా, నీ కారులో శ, ష, స మూడూ ఒకటే అయిపోయాయి," అన్నారు ఒకరోజు పొద్దున చిల్లకల్లు దాటగానే.

"అక్షరాల సంగతి మీరే చూసుకోవాలి మాస్టారూ, నాది సైన్సు," అన్నాను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆయన నవ్వలేదు. చెవి తలుపుకి ఆనించి, డాక్టరు రోగి గుండె విన్నట్టు విని, "ఊహూ, లాభం లేదు," అన్నారు.

మేం ముగ్గురం జగ్గయ్యపేట వాళ్లం. నందిగామ దాటి చందర్లపాడు వైపు ఒక ఊళ్లో హైస్కూల్లో పనిచేస్తాం. నేను పదో తరగతికి భౌతిక శాస్త్రం చెబుతాను. మాస్టారు తెలుగు. మూడో ఆయన పీఈటీ సారు, అంటే పిల్లల చేత ఆటలాడించి, తనూ వాళ్లతో పాటు అరిచే మనిషి. కారు నాది, పెట్రోలు ముగ్గురిదీ. పాటల విషయంలో మాత్రం ఒక ఒప్పందం కుదిరింది. పొద్దున వెళ్లేటప్పుడు మాస్టారి పౌరాణిక నాటక పద్యాలు, సాయంత్రం వచ్చేటప్పుడు పీఈటీ సారు డీజే పాటలు. నా పాటలు ఎప్పుడు పెట్టాలో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. డ్రైవరు పాటలు వింటే ప్రమాదమని ఇద్దరూ కలిసి తేల్చేశారు.

స్పీకరు పాడైందని ఒప్పుకున్నాక ఎవరివల్ల పాడైందన్న విచారణ మొదలైంది. మాస్టారు ముందు సీట్లోంచే, వెనక్కి తిరక్కుండా, "సాయంత్రం పూట ఆ దబదబలు వింటే స్పీకరేం ఖర్మ, ఏనుగైనా చస్తుంది," అన్నారు.

వెనకనుంచి పీఈటీ సారు ముందుకి వంగాడు. "నా పాటలా? మీ గొడుగు మాస్టారూ! రోజూ తెచ్చి ఆ తలుపు అరలో మొన కిందికి పెట్టి దోపుతారు. అది పొడిచే చంపింది దాన్ని."

"గొడుగు పొడిస్తే ఒక్క చోటే చిల్లు పడుతుందయ్యా. ఇక్కడ అక్షరమాల మొత్తం పోయింది."

"మరి ఎండాకాలం కూడా గొడుగెందుకండీ?"

"ఎండకి."

ఈ వాదన నందిగామ దాకా నడిచింది. ఆ సాయంత్రమే, బడి వదిలాక, ముగ్గురం నందిగామలో కారు సామాన్లమ్మే షాపు ముందు ఆగాం. షాపాయన్ని ఊళ్లో అందరూ భాయ్ అంటారు. మెత్తగా మాట్లాడే మనిషి. తలుపు అట్ట ఊడదీసి, స్పీకరు బయటికి లాగి మా ముందు పెట్టాడు. దాని అంచు చుట్టూ ఉన్న స్పాంజి మాడిన అప్పడంలా పొడిపొడిగా రాలిపోయింది. గొడుగు గాయం ఒక్కటీ లేదు.

"ఏళ్లయిపోయింది మేడం గారూ. ఎండకి, తడికి అదే పోతుంది. ఎవురూ ఏం చెయ్యలేదు," అన్నాడు భాయ్.

ఇద్దరి మొహాలూ చిన్నబోయాయి. నేరస్తుడు దొరుకుతాడని వచ్చిన వాళ్లకి సహజ మరణం అని చెబితే ఎలా ఉంటుంది?

ఆ దిగులు మరిపించడానికి భాయ్ వెనక గోడంతా పేర్చిన పెట్టెలు చూపించాడు. ఒక్కో పెట్టె మీద పుచ్చకాయంత అంకెలు. రెండు వందల యాభై వాట్లు, నాలుగు వందలు, ఆరు వందలు. ఆరు వందల పెట్టె మీద మెరుపులు, మంటలు, కోరలు చాచిన పులి కూడా ఉన్నాయి. కింద వరసలో ఏ బొమ్మా లేని తెల్ల పెట్టెలు కొన్ని ఉన్నాయి. వాటి వంక ఎవరం చూడలేదు.

"ఇంతకీ వాట్ అంటే ఏమిటమ్మా?" అన్నారు మాస్టారు.

"సెకనుకి ఎంత శక్తి ఖర్చవుతుందో చెప్పే కొలత. పాఠంలో విద్యుత్ సామర్థ్యం అంటాం కదండీ, అదే."

"అయితే ఎక్కువ సామర్థ్యం ఉన్నదే మేలు."

"కబడ్డీ టీములోకి బక్కోణ్ణి తీసుకుంటామా మేడం?" అని పీఈటీ సారు అప్పటికే పులి పెట్టెని చంకలో పెట్టుకున్నాడు.

నేను ఆ పాఠం ఏటా చెబుతున్నాను. ఓమ్ నియమం నిద్రలో అడిగినా చెబుతాను. అయినా ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, పులి బాగుంది. ముందు రెండు తలుపులకీ అవే వేయించేశాం.

మర్నాడు పొద్దున మాస్టారు కొత్త పెళ్లికొడుకులా వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. పద్యం మొదలైంది. శ, ష, స విడివిడిగానే ఉన్నాయి గానీ, మూడూ ఎక్కడో దూరంగా ఉన్నాయి.

"మనం ఇక్కడుంటే ఆయన మైలవరంలో కూర్చుని పాడుతున్నట్టుందేం?" అన్నారు మాస్టారు.

సౌండు పెంచాను. మైలవరం నుంచి కొంచెం ఇవతలికి వచ్చాడు. ఇంకా పెంచితే గొంతు పగిలి బర్రుబర్రుమంది. పాత స్పీకర్లు బతికున్న రోజుల్లో సగం పెట్టినా కారు నిండిపోయేది. ఇప్పుడు పూర్తిగా పెట్టినా నిండటం లేదు.

"కొత్తవి కదా మేడం, కొంచెం అరగాలి," అన్నాడు పీఈటీ సారు. "కొత్త బూట్లు కరవ్వూ? ఇవీ అంతే. రన్నింగులో పెడితే అవే దారికొస్తాయి."

ఆ రన్నింగు బాధ్యత ఆయనే తీసుకున్నాడు. నేను క్లాసులో ఉండగా తాళం అడిగి తీసుకుని, కారు అద్దాలన్నీ మూసి, పూర్తి సౌండులో మాస్టారి పద్యాలు పెట్టి గ్రౌండుకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు నా క్లాసు గుమ్మంలో నిలబడ్డారు.

"మేడం, మీ కారులో ఎవరో మనిషి ఉండిపోయినట్టున్నాడండి. లోపల మూలుగు వినిపిస్తోంది."

వెళ్లి చూస్తే కారు చుట్టూ నాలుగు మేకలు నిలబడి శ్రద్ధగా వింటున్నాయి. నేను పద్యం ఆపాను. అవి నా వంక చూసిన చూపులో మర్యాద లేదు.

ఆ వారంలోనే పదో తరగతిలో విద్యుత్ సామర్థ్యం లెక్కలు చేయించాల్సి వచ్చింది. వోల్టేజిని దానితోనే గుణించి, నిరోధంతో భాగిస్తే వాట్లు వస్తాయని బోర్డు మీద రాశాను. ఉదాహరణకి ఏదో ఇస్త్రీపెట్టె తీసుకుందామనుకుని, సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాను. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది పద్నాలుగు వోల్టులు. స్పీకరు నిరోధం నాలుగు ఓములు. పద్నాలుగు పద్నాలుగులు నూట తొంభై ఆరు. నాలుగుతో భాగిస్తే నలభై తొమ్మిది.

నలభై తొమ్మిది! ఎంత తలకిందులుగా వేలాడినా నా స్టీరియో ఒక స్పీకరుకి యాభై దాటి ఇవ్వలేదు. అదీ లెక్కలో. మనిషి పాట సాఫుగా వినిపించాలంటే అందులో సగానికి తగ్గాలి. పోయేది పోగా ఇరవై మిగులుతుంది. మరి ఆరు వందలు ఎక్కణ్ణించి వచ్చాయి? పిల్లలకి ఆ లెక్కే ఇచ్చి, నేను పరుగున వెళ్లి డిక్కీలోంచి పులి పెట్టె తీశాను.

పులి తోక కింద, కళ్లజోడు పెట్టుకున్నా కష్టంగా కనిపించే అక్షరాల్లో అసలు సంగతి ఉంది. ఆరు వందలు పీకు. ఆర్‌ఎంఎస్ ఎనభై. సెన్సిటివిటీ ఎనభై అయిదు డెసిబెల్లు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూ దాన్ని వాళ్లిద్దరికీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది. నా ఉద్యోగ జీవితంలో అంత కష్టమైన క్లాసు ఇంకోటి లేదు.

"సార్, మీరు ఒక్కసారి ఎత్తాలంటే ఎంత బరువు ఎత్తుతారు?" అని పీఈటీ సార్ని అడిగాను.

"వంద కిలోలు మేడం. ఇప్పుడు కావాలన్నా ఎత్తుతా."

"అదే వంద నెత్తిన పెట్టుకుని జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా నడుస్తారా?"

"నా లంచ్ బాక్సే నడిచి మొయ్యను."

"అదీ సంగతి. మీరు ఒక్క క్షణం ఎత్తేది పీకు. రోజంతా మోసేది ఆర్‌ఎంఎస్. పెట్టె మీద పెద్దగా వేసింది ఆ ఒక్క క్షణానిదే."

తర్వాత మాస్టారి వైపు తిరిగాను. "ఇంకోటేంటంటే మాస్టారూ, ఈ వాట్లు స్పీకరు ఇచ్చేవి కావు. అది తట్టుకునేవి. దానికి ఎంత పంపితే మాడిపోకుండా ఉంటుందో చెప్పే అంకె. పంపాల్సింది స్టీరియో. మన స్టీరియో ఇరవైకి మించి పంపలేదు."

మాస్టారు కిటికీలోంచి పత్తి చేలు చూశారు. "అంటే, మనం కొన్నది గొంతు కాదు. పొట్ట."

"అంతేనండీ!" నాకు చప్పట్లు కొట్టాలనిపించింది గానీ చేతులు స్టీరింగు మీద ఉన్నాయి.

"నలభై ఇడ్లీలు తినగలవాణ్ణి తెచ్చి రెండు ఇడ్లీలు పెడుతున్నాం. వాడికి పాడే ఓపిక ఎక్కడుంటుంది? మరి ఆ మూడోదేమిటి, సెన్సిటివిటీ?"

"తిన్న ఇడ్లీకి ఎంత గట్టిగా పాడతాడనేది. మనవాడు ఆ విషయంలో కూడా కొంచెం బద్ధకమే. పాత స్పీకర్లు పల్చటి కాగితంవి, తక్కువ తిని గట్టిగా పాడేవి."

ఇంత చక్కగా అర్థమైనవాళ్లు తిన్నగా వెళ్లి స్పీకర్లు మార్పిద్దాం అంటారనుకున్నాను. వెనక సీట్లోంచి పీఈటీ సారు గొంతు వచ్చింది. "అయితే మేడం, ఇడ్లీలు పెంచుదాం."

ఇడ్లీలు పెంచడమంటే ఆంప్లిఫయరు పెట్టడం. నేను వద్దన్నాను. మాస్టారు నా పక్షాన ఉంటారనుకుంటే, ఆయన, "ఇంటికి తెచ్చిన మనిషిని పస్తుంచడం న్యాయం కాదమ్మా," అన్నారు. భాయ్ నచ్చితేనే ఉంచుకోమని ఒక పాత ఆంప్లిఫయరు సీటు కింద పెట్టి, బ్యాటరీ నుంచి లావుపాటి వైరు లాగి ఇచ్చాడు. "బ్యాటరీ ముసలిదైంది మేడం గారూ, ఇంజను ఆపి ఎక్కువసేపు వాయించొద్దు," అని కూడా చెప్పాడు. చెప్పినప్పుడు మేం ముగ్గురం తలలూపాం.

ఇలాంటి వాటిని ఊళ్లో కాదు, హైవే మీద పరీక్షించాలని పీఈటీ సారు పట్టుబట్టాడు. అందుకని ఆ శనివారం జగ్గయ్యపేట వచ్చినా ఇళ్లకి వెళ్లకుండా గరికపాడు వైపు పోనిచ్చాం. మాస్టారు కోరి కోరి ఒక పద్యం పెట్టించారు. నిజం చెప్పొద్దూ, ఆంప్లిఫయరు తన పని తాను చేసింది. మొదటి అక్షరానికే మాస్టారి కళ్లజోడు ముక్కు మీంచి జారింది. అద్దం వణికి అందులో వెనక లారీ నాలుగు లారీలైంది. నంబరు ప్లేటు, తలుపు అట్టలు, నేను ఎప్పుడో పోయిందనుకున్న ఒక బొట్టుబిళ్లల డబ్బా, అన్నీ శ్రుతి కలిపాయి.

"దిగిందా గొంతు!" అని పీఈటీ సారు అరిచాడు. అరిచాడని ఆయన పెదాలు చూసి తెలుసుకున్నాను.

చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. నేను పక్కన ఉన్న డాబా హోటలు ముందుకి తీసి, ఇంజను ఆపాను. కంగారులో పద్యం ఆపలేదు.

"ఏ పార్టీ అండి?" అన్నాడు కానిస్టేబులు కిటికీలోకి వంగి.

"ఏ పార్టీ కాదండీ, టీచర్లం," అన్నాను.

"మైకుకి పర్మిషన్ ఉందా?"

"మైకు కాదండీ, కారు స్పీకరు. ఎనభై వాట్లే. పైన ఆరు వందలని ఉంటుంది గానీ అది పీకు." అక్కడ కూడా పాఠం చెప్పడం మానలేకపోయాను.

ఆ మనిషి నా మాట వినడం లేదు. మెడ పక్కకి వాల్చి, కళ్లు సగం మూసి ఉన్నాడు. పద్యం చివరి రాగం పైకి, ఇంకా పైకి వెళ్లి, ఒక చోట ఆగి, జారి, కిందికి దిగింది. ఆయన కిటికీ చట్రం మీద చేత్తో తాళం వేసి, పట్టలేనట్టు, "వన్స్ మోర్!" అన్నాడు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. నేను మళ్లీ పెట్టాను. డాబాలో రోటీలు తింటున్న లారీ డ్రైవర్లు ప్లేట్లు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. హైదరాబాదు వైపు వెళ్లే లారీ క్లీనరు ఒకతను టైరు మీద కూర్చుని, "ఇంకోసారి పెట్టున్రి సారూ," అన్నాడు. మూడోసారీ పెట్టాం. డాబా ఓనరు మాకు టీలు పంపించాడు. ముసలి బ్యాటరీ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. నాలుగోసారి పద్యం సరిగ్గా మధ్యలో, గాయకుడు ఊపిరి పీల్చుకున్న చోట, అంతా ఆగిపోయింది. తాళం తిప్పితే కారు టిక్ మని ఊరుకుంది.

జనం ఉసూరుమన్నారు. అప్పుడు మాస్టారు తలుపు తీసుకుని దిగారు. కండువా లేదు గనక జేబురుమాలు భుజాన వేసుకున్నారు. ఒక చెయ్యి చాచి, ఆగిన అక్షరం దగ్గర్నుంచి పద్యం అందుకున్నారు. ఆయన పాడతారని మాకు తెలియదు. గొప్ప గొంతేం కాదు, రాగం దగ్గర రెండుసార్లు దగ్గు వచ్చింది. కానీ లారీలు పోతున్న ఆ హైవే పక్కన డాబా చివరి మంచం దాకా వినపడింది.

"మాస్టారివి ఎన్ని వాట్లుంటాయి మేడం?" అన్నాడు పీఈటీ సారు నా చెవిలో.

"మనిషి గొంతులోంచి వచ్చే చప్పుడు ఒక్క వాటులో వందో వంతు కూడా ఉండదు సార్."

"ఊరుకోండి మేడం," అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన నన్ను ఇప్పటికీ నమ్మడు.

పద్యం అయ్యాక కానిస్టేబులు మాస్టారి చేతులు పట్టుకుని ఊపేశాడు. తర్వాత ఆయనా, క్లీనర్లూ, పీఈటీ సారూ కలిసి కారు తోశారు. మాస్టారిని మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు. కళాకారుడి చేత తోయించడమా అని వాళ్లే ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఇంజను అంటుకున్నాక ఆపకుండా జగ్గయ్యపేట చేరాం.

సోమవారం ఆంప్లిఫయరు భాయ్‌కి తిరిగిచ్చేశాం. స్పీకర్లు కూడా మార్చుకుంటామంటే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "అందరూ పెద్ద నంబరే అడుగుతారు మేడం గారూ. అందుకే అది ముందు పెడతా," అన్నాడు నిజాయితీగా. ఈసారి నేను పెద్ద అంకెల వేటలో పడకుండా, బొమ్మల్లేని తెల్ల పెట్టెల దగ్గర నేల మీద కూర్చుని చిన్న అక్షరాలే చదివాను. ఒక జతకి ఆర్‌ఎంఎస్ నలభై, సెన్సిటివిటీ తొంభై ఒకటి. స్టీరియో ఇచ్చే ఇరవైకి నలభై పొట్ట చాలు. సెన్సిటివిటీలో ఆరు డెసిబెల్లు ఎక్కువంటే, పెట్టే ఇడ్లీలు నాలుగింతలు చేసినట్టే. ఓములు కూడా నాలుగే ఉన్నాయా అని చూసుకున్నాను. అయినా కొనే ముందు భాయ్‌ని స్టీరియోకి తగిలించి వినిపించమన్నాను. మాస్టారు పెన్‌డ్రైవ్ ఇచ్చి, కళ్లు మూసుకుని విని, వేలెత్తారు.

"పెట్టె మీద ఒక్క పిల్లి బొమ్మైనా లేదు," అని పీఈటీ సారు బాధపడ్డాడు. ఆయన బాధ చూడలేక భాయ్ ఆరు వందల వాట్ల స్టిక్కరు ఒకటి ఉచితంగా ఇచ్చాడు. అది ఇప్పుడు ఆయన బైకు మీద ఉంది. ఆ బైకుకి స్పీకరే లేదు.

మర్నాడు పొద్దున పద్యం పెట్టాం. సౌండు సగానికి కొంచెం పైన. గొంతు కారులోనే, మా మధ్యనే ఉంది. పద్యం వెనక హార్మోనియం ఉందని అప్పుడే తెలిసింది. దాని వెనక ఇంకేదో కూడా ఉంది. మాస్టారు చెయ్యి ఎత్తి, "వెనక్కి తిప్పమ్మా," అన్నారు.

వెనక్కి తిప్పాను. ఏదో ఊళ్లో నాటకం ఆడుతుంటే టేపురికార్డరులో పట్టిన పద్యం అది. రాజు వేషం కట్టినాయన రాగం అందుకున్నారు. ఆ రాగం కింద, జనంలో ఎవరో ఆడమనిషి స్పష్టంగా, "కూర్చోవయ్యా, అడ్డం!" అంది.

ఆ పద్యాన్ని మాస్టారు ఎన్నేళ్లుగానో వింటున్నారు. ఆ మాట ఎప్పుడూ వినలేదట. ఆ నిలబడ్డవాడు ఎవరై ఉంటాడు, కూర్చున్నాడా లేదా అన్న చర్చ నందిగామ దాకా సాగింది. కూర్చుని ఉండడని పీఈటీ సారు పందెం కాశాడు. మళ్లీ పెట్టి వింటే, కాసేపటికి అదే ఆడమనిషి ఇంకోసారి, ఇంకా గట్టిగా అరిచింది.

అప్పట్నుంచి సాయంత్రాలు కూడా పీఈటీ సారు తన డీజే పాటలు ఆపేసి, "మేడం, ఆ కూర్చోవయ్యా పద్యం పెట్టండి," అంటున్నాడు.